కడబంతి కడుపులు

మొన్న మా ఆడపడుచు కూతురి సీమంతానికి వెళ్ళాను. గాజులు తొడిగారు, ఒడిలో చలిమిడి పెట్టారు, హారతిచ్చారు. అంతా ముచ్చటగానే ఉంది. తీరా భోజనాల దగ్గర ఆ పిల్ల మారు పప్పు వేయించుకోబోతే, ఓ పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టేసింది. "చాల్లేవే అమ్మాయ్! ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది!"

నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకంటారా? నలభై రెండేళ్ళకే నాకు షుగరొచ్చింది. "కదలకుండా కూర్చుని నవలలు రాస్తే రాదూ మరి!" అన్నారు శ్రీవారు. కొంత నిజమే, కాదనను. కానీ నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ ఏం తిన్నదో ఎవరైనా అడిగారా? అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన అన్నంలో ఇన్ని మజ్జిగ నీళ్ళు పోసుకునేది. దానికి మనవాళ్ళు పెట్టిన పేరు అణకువ!

ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లాలో 1911 నుంచి మంత్రసానులూ, ఇంటింటికీ తిరిగే నర్సులూ పిల్లల బరువులు పుస్తకాల్లో రాసిపెట్టారు. పుట్టినప్పుడొకసారి, ఏడాది నిండాక మరోసారి. డేవిడ్ బార్కర్ అనే డాక్టరూ, ఆయన తోటివాళ్ళూ ఆ పుస్తకాల దుమ్ము దులిపి, 1911-30 మధ్య పుట్టిన 5,654 మంది మగవాళ్ళ సంగతి ఆరా తీశారు. పసితనంలో బాగా తక్కువ బరువున్నవాళ్ళలోనే గుండెజబ్బు చావులు ఎక్కువని 1989లో తేల్చారు.

అంత దూరం ఎందుకు? మన హైదరాబాదు దగ్గరి పల్లెల్లో 1987-90 మధ్య కొన్ని ఊళ్ళలో గర్భిణులకూ, పసిపిల్లలకూ అదనపు ఆహారం పెట్టారు. పక్క ఊళ్ళకి ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలకి 13-18 ఏళ్ళు వచ్చాక పరీక్షిస్తే, తిండి అందిన ఊళ్ళవాళ్ళు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అదొక్కటేనా? వాళ్ళ రక్తనాళాల్లో బిరుసుతనం తక్కువ, ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. పెట్టింది ఏ అమృతమో కాదండీ, పూటకింత తిండి!

తల్లికి తిండి చాలకపోతే కడుపులో బిడ్డ ముందు మెదడును కాపాడుకుని, మిగతా అవయవాల దగ్గర పొదుపు చేస్తుందట. పొదుపుగా కట్టిన ఆ ఒళ్ళు, రేపు బజ్జీలకీ బిరియానీలకీ తట్టుకోలేదు.

"అయితే తప్పంతా తల్లిదేనన్నమాట!" అని ఎవరైనా అందుకుంటారేమో, కాస్త ఆగండి. మా అమ్మ తినక మానలేదు, ఆమెకి మిగల్చలేదు. గరిటె ఎవరివైపు ముందు తిరగాలో నిర్ణయించిన ఇల్లుందే, తప్పు దానిది. ఆడపిల్ల పళ్ళెంలో ఆవకాయ ముక్కా, అన్నయ్య పళ్ళెంలో గుడ్డూ వడ్డించిన చేతులది.

ఇద్దరి తిండీ ఒక్కతే తినమనడం లేదు. డాక్టరు చెప్పినంత, ఆకలేసినంత తిననివ్వమంటున్నాను.

ఆ రోజు నేనే లేచి ఆ పిల్లకి పప్పు వడ్డించాను. పెద్దావిడ మూతి ముడుచుకుంది. ముడుచుకోనీండి! సీమంతంలో డజను గాజులు తగ్గినా ఫర్వాలేదు. చూలింతని మాత్రం కడబంతిలో కూర్చోబెట్టకండి.