చదునుపాదానికి ఆపరేషన్ ఎప్పుడు?

వేమూరు పొలాల్లో తడికాళ్లతో గట్టెక్కినవారి అడుగుజాడలు చూడండి. కొన్నిటి మధ్యలో వంపు కనిపిస్తుంది. కొన్ని నిండుగా పడతాయి. ఆ రెండోదే చదునుపాదం. మునివేళ్లపై నిలబడినప్పుడు వంపు తిరిగొస్తుంటే అది ‘ఫ్లెక్సిబుల్’ రకం. నొప్పి లేకపోతే చికిత్స అక్కర్లేదు.

నడివయసులో చీలమండ లోపలివైపు నొప్పి, వాపు వచ్చి, ఒంటికాలిపై మడమ ఎత్తలేకపోతే మాత్రం అశ్రద్ధ వద్దు. వంపును ఎత్తిపట్టే టెండన్ దెబ్బతిని ఉండొచ్చు. ముందు కొన్ని నెలలు పాదరక్షల్లో ఇన్‌సోల్, పిక్కల వ్యాయామాలు చేయిస్తారు. ఒట్టికాళ్లతో బురదలో పనిచేసేవారికి ఇన్‌సోల్ కుదరదు. అదే చిక్కు!

తగ్గకపోతేనే ఆపరేషన్. మడమ ఎముకను కోసి, సుమారు సెంటీమీటరు లోపలికి జరిపి స్క్రూతో బిగిస్తారు. పాడైన టెండన్‌కు బదులు కాలివేళ్లను ముడిచే టెండన్‌ను అమరుస్తారు. కొందరికి మడమ ఎముక బయటివైపు ఎముక ముక్క పెట్టి పొడిగిస్తారు. ఇది ఇవాన్స్ అనే సర్జన్ 1975లో వివరించిన పద్ధతి. ఆలస్యమై కీళ్లు బిగుసుకుపోతే, వాటిని కదలకుండా అతికించేయాల్సి రావచ్చు.

ఆపరేషన్ తర్వాత దాదాపు ఆరు వారాలు కాలు నేలమోపకూడదు. పూర్తిగా కోలుకోవడానికి ఏడాది పట్టొచ్చు. పొగతాగేవారికి, షుగర్ అదుపులో లేనివారికి ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది. అందుకే నాట్లు, కోతలు చూసుకుని మరీ డాక్టరును తేదీ అడగండి.