చెక్‌డ్యాం కట్టారు సరే, నీళ్ల లెక్క చెప్పేదెవరు?

వాటర్‌షెడ్ అనే మాట తెలియని రైతు ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఉండడు. హనుమంతరావు కమిటీ 1994లో చేసిన సిఫార్సుల మేరకు, సుమారు 500 హెక్టార్ల పరీవాహక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకొని, ఊరివాళ్లతో కమిటీ వేసి, ప్రణాళిక రాయించి నిధులివ్వడం 1995 నుంచి మొదలయింది. చేలగట్లు, రాతికట్టలు, ఊటకుంటలు వచ్చాయి. వంకలకు అడ్డంగా చెక్‌డ్యాములు లేచాయి. వీటివల్ల మేలు జరగలేదనడం అన్యాయం. వాన కురిసిన ఏడు కుంట కింది బావుల్లో ఊట పెరగడం రైతులు కళ్లారా చూసినదే.

అయితే నీటిని ఆపడం గురించి ఉన్నంత వివరం ప్రణాళికల్లో నీటిని వాడడం గురించి కనిపించదు. కట్టిన పనికి కొలతల పుస్తకం ఉంది. తోడిన నీటికి ఏ పుస్తకమూ లేదు.

ఈ లెక్క కష్టమైనదేమీ కాదు. హెక్టారు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే పదివేల లీటర్లు. జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది గనుక, 500 హెక్టార్లపై ఏడాదికి 275 కోట్ల లీటర్లు పడుతుంది. అందులో అధిక భాగం ఆవిరవుతుంది, పైరు పీల్చుకుంటుంది, వంకల్లో పోతుంది. రాతినేలల్లో పదో వంతు ఇంకితే గొప్ప. అంటే 27 కోట్ల లీటర్లు. ఎకరా వరికి దాదాపు 48 లక్షల లీటర్లు కావాలి. తాగడానికి చుక్క మిగల్చకుండా తోడినా 60 ఎకరాల వరికి చాలదు! అదే నీరు వేరుశెనగకైతే రెట్టింపు ఎకరాలకు పైగా వస్తుంది.

ఈ సంగతి ముందే తెలిస్తే అప్పుచేసి రెండో బోరు, మూడో బోరు వేసే రైతు ఒక్క క్షణం ఆగుతాడు. ఇప్పుడతనికి దిక్కు అరచేతిలో టెంకాయ పెట్టుకొని పాయింటు చూపే మనిషే. బోరు ఎండితే గంగమ్మ కరుణించలేదని సరిపెట్టుకుంటాడు. వడ్డీ మాత్రం సరిపెట్టుకోదు.

రైతులకు ఈ లెక్కలు ఎక్కవనేవారికి జవాబు ఈ జిల్లాలోనే ఉంది. 2000 దశకంలో అనంతపురంతో పాటు ఏడు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జల యాజమాన్య పథకం నడిచింది. వానను, బావుల్లో నీటిమట్టాన్ని రైతులే కొలిచారు. రబీకి ముందు కూర్చొని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరిపైనా నిర్బంధం లేదు, అయినా చాలామంది వరి తగ్గించారు. బయటి నిధులతో నడిచిన ఆ పథకం గడువుతో ముగిసింది. 2020లో మొదలైన కేంద్ర అటల్ భూజల్ పథకంలోనూ ఊరూరా నీటి బడ్జెట్ ఉంది. ఏడు రాష్ట్రాలకిచ్చిన ఆ పథకం పక్కనున్న కర్ణాటకకు దక్కింది, ఆంధ్రప్రదేశ్‌కు దక్కలేదు.

దీనికోసం కొత్త పథకం వచ్చేదాకా ఆగనవసరం లేదు. చిన్ననీటి వనరులు, వాటర్‌షెడ్ అభివృద్ధి రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీల జాబితాలోనే ఉన్నాయి. బోర్లు నమోదు చేయాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. నీటిమట్టాలను భూగర్భ జల శాఖ కొలుస్తూనే ఉంది. ఆ అంకెలను రబీ విత్తనానికి ముందు గ్రామసభలో తెలుగులో చదివి వినిపించి, పంచాయతీ ఆఫీసు గోడపై రాయించే పూచీ జిల్లా యంత్రాంగం తీసుకోవాలి. ఎన్ని బోర్లున్నాయో, ఎన్ని ఎకరాలకు నీళ్లున్నాయో పక్కపక్కనే రాయాలి.