కారు ‘పార్కింగ్’, చెప్పులు కుట్టే పెట్టె ‘ఆక్రమణ’: ఫుట్‌పాత్ మీద ఎవరి నిర్వచనం?

నేను రోజూ బస్సు దిగే కూడలిలో ఒక పెద్దాయన చెప్పులు కుడతాడు. ఒక గొడుగు, చెక్క పెట్టె, ఆరె, రంపె, దారం, నాలుగు పాలిష్ డబ్బాలు. అన్నీ కలిపి చాప పరిచినంత చోటు. ఆయనకు రెండడుగుల దూరంలో, రెండు చక్రాలు ఫుట్‌పాత్ మీదికెక్కించి ఎవరిదో కారు సాయంత్రం దాకా ఉంటుంది. ఒక రోజు ఆక్రమణలు తొలగించే లారీ వచ్చింది. కారును ఫొటో తీశారు, చలాన్ రాశారు. పెట్టెను లారీలో వేశారు, రసీదు ఇవ్వలేదు. మర్నాడు కారు మళ్లీ అక్కడే ఉంది. పెద్దాయన మాత్రం ఎనిమిది రోజులకు వచ్చాడు, అప్పు చేసి కొన్న కొత్త పెట్టెతో. “కారు పోతది, మళ్లొస్తది బిడ్డా. నేను ఒక్కసారి పోతే నా జాగ నాకు మిగలది” అన్నాడు.

రెండూ ఫుట్‌పాత్ మీదే ఉన్నాయి, రెండూ నడిచేవాళ్లకు అడ్డమే. నిజానికి కారు ఎక్కువ అడ్డం. అయినా ఒకదాని పేరు ‘పార్కింగ్’, రెండోదాని పేరు ‘ఆక్రమణ’. ఎవరికి జరిమానా, ఎవరికి తొలగింపు అన్నది ఈ పేర్ల దగ్గరే తేలిపోతోంది. నగర నిబంధనల్లో మొదటి పేజీలో ఉండే ‘నిర్వచనాలు’ అన్న భాగాన్ని మనం చదవకుండా తిప్పేస్తాం. మన వాళ్ల బతుకు మాత్రం తరచూ అక్కడే నిర్ణయమవుతుంది.

ఒకే తాడు, రెండు ముడులు

2022 అక్టోబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ‘ఆపరేషన్ రోప్’ మొదలుపెట్టారు. అడ్డంగా పెట్టిన వాహనాలనూ, ఆక్రమణలనూ తొలగించడం దాని ఉద్దేశం. పేరులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రెండింటినీ ఒకేలా చూస్తారని అనుకుంటాం. కానీ వాటిని నడిపే చట్టాలు వేరు.

వాహనం విషయం 1988 మోటారు వాహనాల చట్టం చూసుకుంటుంది. ఫుట్‌పాత్ మీద బండి నిలపడం తప్పేనని డ్రైవింగ్ నిబంధనలు చెబుతాయి. తప్పు చేసిన యజమానికి మాత్రం ఒక గుర్తింపు ఉంటుంది. ఆర్సీ ఉంది, నంబరు ప్లేటు ఉంది. బండిని లాక్కెళ్లినా డబ్బు కట్టి తెచ్చుకుంటాడు. బండి అతనిదేనన్న విషయంలో ఎవరికీ అనుమానం రాదు.

చెప్పులు కుట్టే మనిషి విషయం నగరపాలక సంస్థ చట్టం కిందికి వస్తుంది. హైదరాబాద్‌కు వర్తించే 1955 చట్టంలో ‘వీధి’ అన్న మాటకు అర్థం చాలా విశాలం. రోడ్డు, సందు, వంతెన, కాలిబాట అన్నీ అందులో ఉన్నాయి. ఆ వీధిలో నిబంధనలకు విరుద్ధంగా పెట్టిన, అమ్మకానికి ఉంచిన వస్తువులను కమిషనర్ నోటీసు లేకుండానే తొలగించవచ్చని 405వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ మనిషి ప్రస్తావన లేదు. ‘వస్తువు’ మాత్రమే ఉంది. వస్తువుకు నోటీసు ఎందుకన్నదే ఆ నిర్వచనం వెనకున్న తర్కం.

ఇలాంటి అధికారమే బొంబాయి చట్టంలోనూ ఉంది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధి హక్కు 21వ అధికరణంలో భాగమని తీర్పు చెప్పింది. మనం ఆ మాటను గర్వంగా గుర్తుచేసుకుంటాం. కానీ అదే తీర్పు ఫుట్‌పాత్‌లు పాదచారుల కోసమేనని అంది, నోటీసు లేకుండా తొలగించే సెక్షన్‌ను కొట్టేయలేదు. 1989లో సోదన్ సింగ్ కేసులో వీధి వ్యాపారం 19(1)(జి) కింద హక్కేనని, దాన్ని క్రమబద్ధం చేయవచ్చని కోర్టు చెప్పింది. హక్కును గుర్తించే నిర్వచనం చట్టంలోకి రావడానికి ఆ తర్వాత మరో పాతికేళ్లు పట్టింది.

2014 చట్టం ఇచ్చిన మాట

వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం 2014లో వచ్చింది. అందులోని ‘వీధి వ్యాపారి’ నిర్వచనాన్ని కార్యకర్తలు కంఠస్థం చేయాలి. వీధి, సందు, ఫుట్‌పాత్, పార్కు, మరే బహిరంగ స్థలంలోనైనా నిత్యావసర వస్తువులు అమ్మేవారూ, ప్రజలకు ‘సేవలు’ అందించేవారూ అందరూ వీధి వ్యాపారులే. ఒకచోట కూర్చున్నా, తిరుగుతూ అమ్మినా సరే. స్థానికంగా ఏ పేరుతో పిలిచినా సరే.

ఆ ‘సేవలు’ అన్న మాట మనకు కీలకం. వీధి వ్యాపారి అనగానే అధికారుల కళ్లకు పండ్ల బండి, టిఫిన్ బండి కనిపిస్తాయి. చెప్పులు కుట్టే మనిషి కనిపించడు. తెలుగు నేల మీద ఆ పనిని మాదిగలకు అంటగట్టి, ఆ పనిని చూపించే అంటరానితనం పాటించారు. ఇప్పుడు అదే పని నగరంలో గుర్తింపు దగ్గర వెనక వరసలోకి పోతోంది. చట్టం మాత్రం ఆయన్ను బయట పెట్టలేదు.

ఇదే చట్టంలో ఇంకొన్ని రక్షణలు ఉన్నాయి. సర్వే పూర్తయి, వ్యాపారులందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. తర్వాత ఖాళీ చేయించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సామాను జప్తు చేస్తే జాబితా రాసివ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా ఎన్నికైన వీధి వ్యాపారులు ఉండాలి. వారిలో మూడోవంతు మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగులకు తగిన చోటు ఉండాలి. వేరే చట్టాల్లో దీనికి విరుద్ధంగా ఏమున్నా ఈ చట్టానిదే పైచేయి అని 33వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి 1955 చట్టంలోని ‘నోటీసు లేకుండా’ అన్న మాటను 2014 తర్వాత పాత పద్ధతిలో చదవడానికి వీల్లేదు.

మనిషి నుంచి జాబితాకు

మరి పెట్టె లారీ ఎందుకెక్కింది? పుస్తకంలో విశాలంగా ఉన్న నిర్వచనం వీధిలోకి వచ్చేసరికి ఇరుకైపోతుంది. చట్టం ప్రకారం పని చేసేవాడు వ్యాపారి. ఆచరణలో సర్వే జాబితాలో పేరున్నవాడే వ్యాపారి. సర్వే రోజు ఊరెళ్లినవాడు, జ్వరంతో పడుకున్నవాడు, పొద్దున రెండు గంటలే అమ్మే ఆడమనిషి ఆ రోజుతో ‘ఆక్రమణదారు’లైపోతారు.

చట్టం వార్డు లేదా నగర జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు చూపాలంటుంది. 2011 లెక్కల ప్రకారమే గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలకు పైగా. అంటే 1.6 లక్షలకు పైగా చోట్లు. ఆ చోట్లు ఏ వార్డులో ఎక్కడున్నాయో అడిగే హక్కు మనకుంది.

2020లో వచ్చిన పీఎం స్వనిధి రుణాలు ఈ వైరుధ్యాన్ని ఇంకా స్పష్టం చేశాయి. సర్వేలో పేరు లేనివారికి కూడా సిఫారసు లేఖతో రుణం ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. 2025 ఆగస్టులో ఆ పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించి, తొలి విడత రుణాన్ని 10 వేల నుంచి 15 వేలకు పెంచారు. రుణం అవసరమే, కాదనం. కానీ బ్యాంకు కాగితంలో వీధి వ్యాపారి అయిన మనిషి, లారీ వచ్చిన రోజు ఆక్రమణదారు అవుతున్నాడు. అప్పు తీర్చే బాధ్యత ఉంది, తీర్చడానికి కూర్చునే చోటు లేదు.

కార్లకు ఇలాంటి బాధ లేదు. భవన నిర్మాణ నిబంధనలు, ఉదాహరణకు 2012 నాటి జీవో 168, కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కు వదలాలని ముందే లెక్క కడతాయి. కారు యజమాని రాకముందే కారుకు చోటు రాసి ఉంటుంది. ఆ చోటును గోదాముగానో, దుకాణంగానో మార్చుకున్నప్పుడు కార్లు రోడ్డెక్కుతాయి. ఆ నేరాన్ని ఆక్రమణ అని ఎంతమంది అంటున్నారు?

నడిచేవాళ్లూ మనవాళ్లే

2025 మేలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు కూడా 21వ అధికరణంలో భాగమని చెప్పింది. వికలాంగులకు అనువుగా ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని ఆదేశించింది. దీన్ని వ్యతిరేకించాల్సిన పని లేదు. బస్సు దిగి పనిళ్లకు నడిచే ఆడవాళ్లు, తెల్లారకముందే రోడ్లూడ్చే కార్మికులు, కట్టెకాళ్లతో నడిచేవాళ్లు ఎవరు? నగరంలో ఎక్కువగా నడిచేది పేదలే. ప్రమాదం ఏమిటంటే, ఆ తీర్పులోని ‘ఆక్రమణ’కు అర్థం చెప్పేది మళ్లీ లారీలో వచ్చేవాళ్లే.

దీనికి కొలత ఒక జవాబు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు కనీసం 1.8 మీటర్ల వెడల్పున ఏ అడ్డూ లేని నడకదారి ఉండాలంటాయి. చెట్లు, స్తంభాల వంటివాటికి పక్కన వేరే పట్టీ చూపుతాయి. ఆ 1.8 మీటర్లు వదిలి పక్కపట్టీలో కూర్చున్న మనిషి ‘అడ్డం’ కాదని నిబంధనలో రాయాలి. ఆ 1.8 మీటర్లలోకి వస్తే కారైనా, ట్రాన్స్‌ఫార్మరైనా, షోరూం మెట్లైనా అడ్డమేనని రాయాలి. అప్పుడు అడ్డం అంటే ఏమిటో అధికారి చూపు కాదు, టేపు చెబుతుంది.

ఊరూ వాడా

వీధి ఎవరిదన్న ప్రశ్న మనకు కొత్త కాదు. మన భాషలోనే ఊరు వేరు, వాడ వేరు. 1924లో వైకోంలో సత్యాగ్రహం జరిగింది గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడం కోసం. అందుకే రాజ్యాంగం 15(2)లో బావులు, చెరువులతో పాటు ‘రోడ్లు’ అన్న మాటను విడిగా రాశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ కూడా దారి వాడుకోనివ్వకపోవడాన్ని నేరమంది. నడిచే హక్కు కాగితం మీద గెలిచాం. అదే రోడ్డు పక్కన కూర్చుని పని చేసుకునే హక్కు దగ్గర ఇంకా ఆగి ఉన్నాం.

విద్యార్థులు, కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద తమ పట్టణంలో నాలుగు ప్రశ్నలు వేయాలి. చివరి సర్వే ఎప్పుడు జరిగింది? టౌన్ వెండింగ్ కమిటీలో ఎన్నికైన వ్యాపారులు ఎవరు, వారిలో ఎస్సీలు ఎందరు? చెప్పులు కుట్టేవారిని, ఇతర సేవలవారిని జాబితాలో ఏ పేరుతో రాశారు? జప్తు చేసిన ప్రతిసారీ జాబితా రాసిచ్చారా?

కూడలిలో పెద్దాయన ఇప్పుడూ అక్కడే ఉన్నాడు, ధ్రువపత్రం లేకుండానే. లారీ మళ్లీ వచ్చే లోపు ఆ జవాబులు మన చేతుల్లో ఉండాలి.