ఆదివారాన్ని కాస్త ఖాళీగా ఉంచండి

వానలు వెనక్కి తగ్గాయి. ఉక్కపోత పోయింది. తెల్లవారుజామున దుప్పటి లాక్కోవాలనిపించే చల్లదనం మొదలైంది. దసరా తర్వాత నుంచి సంక్రాంతి దాకా ఉన్న ఈ రెండు మూడు నెలలంత మంచి కాలం హైదరాబాద్‌లో మళ్లీ ఏడాది దాకా రాదు. మధ్యాహ్నం కూడా పిల్లల్ని బయట తిప్పగలిగేది ఇప్పుడే. కానీ మన పిల్లలు ఏడాది మొత్తంలో ఎక్కువగా నాలుగు గోడల మధ్య ఉండేదీ ఇప్పుడే. నమ్మకం లేకపోతే ఈ సంచిక ఇంగ్లీషు పేజీల్లో అచ్చయిన పరీక్షల షెడ్యూలు చూడండి. ఒలింపియాడ్ ప్రాక్టీసు, ఫౌండేషన్ క్లాసు, సోమవారం యూనిట్ టెస్టు. వీటి మధ్య ఆదివారం అన్నది క్యాలెండర్లో ఎర్ర అంకెగా మిగిలిపోయింది.

నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. ఎనిమిదో తరగతిలో ‘మూసీ ఏ నదికి ఉపనది?’ అని అడిగితే చేతులన్నీ లేస్తాయి. కృష్ణ. ఒక మార్కు. ‘మీ బస్సు రోజూ ఏ నది దాటి వస్తుంది?’ అని అడిగితే ఒక్క చెయ్యి లేవదు. చివరికి ఒకడు ‘అది నాలా కదా టీచర్!’ అన్నాడు. వాడు తెలివైనవాడే, మ్యాపులో మూసీని కళ్లు మూసుకుని గీస్తాడు. కానీ పుస్తకంలోని నదీ, కిటికీ తలుపు మూసుకునేలా చేసే ఆ వాసనా ఒకటేనని వాడికి ఎవరూ చూపించలేదు. ఇది క్లాసులో కూర్చోబెట్టి చూపించే విషయం కాదు. అక్కడికి తీసుకెళ్లాలి. ఆ పని నాకంటే మీరు బాగా చేయగలరు.

ఔటింగ్ అనగానే చాలా ఇళ్లలో మాల్ గుర్తొస్తుంది. మాల్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. శుభ్రమైన బాత్రూమ్ ఉంటుంది, నానమ్మ కూర్చోవడానికి చోటుంటుంది, కారు పెట్టుకోవడానికి వీలుంటుంది. చంటిపిల్లలున్న ఇంటికి ఇవి చిన్న విషయాలు కావు. నా ఫిర్యాదు వేరు. మాల్‌లో పిల్లవాడు అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఇది కొనిస్తావా?’ మీరిచ్చే జవాబులు రెండే: అవును, కాదు. సినిమా, గేమ్ జోన్, ఆ పైన తిండి అయ్యేసరికి మూడు వేలు దాటిపోతాయి. అంత ఖర్చు పెట్టినా ఆ రోజు ఇద్దరి మధ్యా నడిచిన మాటలు పది ఉండవు.

ఇక రెండో రకం ఉంది. యూట్యూబ్‌లో చూసి ‘ఒక్క రోజులో పది చోట్లు’ అని బయల్దేరేవాళ్లు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ, బిర్లా మందిర్, సాయంత్రం ట్యాంక్‌బండ్. ప్రతి చోటా ఫొటో. రాత్రికి పిల్లలకు కాళ్ల నొప్పులు, పెద్దలకు తలనొప్పి. వీళ్లకు నేను చెప్పేది ఒకటే. ఒక పూటకు ఒక్క చోటు చాలు. పొద్దున ఏడింటికి బయల్దేరండి, భోజనానికి ఇంటికి వచ్చేయండి. నవంబరులో సాయంత్రం ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, పైగా ఆదివారం సాయంత్రం ట్రాఫిక్ సంగతి నేను చెప్పక్కర్లేదు.

సాలార్‌జంగ్ మ్యూజియం ఆదివారం తెరిచే ఉంటుంది, సెలవు శుక్రవారం. అక్కడి వేల వస్తువులన్నీ చూపించాలని పట్టుబట్టకండి. సంగీత గడియారం ఒక్కటి చాలు. గంట కొట్టే ముందు ఒక చిన్న గడ్డం మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట వాయిస్తాడు. ఇంకో బొమ్మ కమ్మరి, సుత్తితో సెకను సెకనుకూ కొడుతూనే ఉంటాడు. పన్నెండు గంటలకు జనం కిక్కిరిసిపోతారు కాబట్టి పదకొండుకే అక్కడ ఉండండి. అది చూశాక ‘ఆ మనిషికి టైమ్ ఎలా తెలుస్తుంది?’ అని పిల్లలు అడుగుతారు. మీకు తెలియకపోతే తెలియదనే చెప్పండి. వాళ్లు ఇంటికొచ్చి పాత గోడగడియారం ఒకటి విప్పినా విప్పుతారు. విప్పనివ్వండి.

గోల్కొండలో కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినిపిస్తుందని అందరికీ తెలుసు. కానీ చాలామంది కింద గైడు కొట్టిన చప్పట్లు విని ఊరుకుంటారు. ఇంట్లో ఒకరు పైదాకా ఎక్కి, ఇంకొకరు కింద ఉండి కొట్టి చూడాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు అక్కడ టికెట్టు కూడా లేదు.

మూసీ దగ్గరికే మళ్లీ వస్తాను, ఎందుకంటే నా మనసంతా అక్కడే ఉంది. 1908 సెప్టెంబరు 28న ఈ నది పొంగి ఊరినే ముంచేసింది. వేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగితే నది పక్కనే దిగినట్టు, అక్కడి నుంచి ఆసుపత్రి దూరం కాదు. అయితే అది రోగులూ వాళ్ల బంధువులూ కష్టంలో ఉండే చోటు. గుంపుగా వెళ్లి సెల్ఫీలు తీసుకునే చోటు కాదు. పది నిమిషాలు నిలబడి, చెట్టును చూసి వచ్చేయండి. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతోనే మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. మనం గండిపేట అనే చెరువు 1920లో పూర్తయింది, రెండోది 1927లో. ఒక ఆదివారం చెట్టు, ఇంకో ఆదివారం గండిపేట కట్ట. ఓపికుంటే మూడో ఆదివారం వికారాబాద్ రైలెక్కి, మూసీ పుట్టే అనంతగిరి కొండలు. ఈ మూడూ చూసిన పిల్లకు మూసీ ఇక నాలా కాదు. దానిలోకి ఏం వదులుతున్నారు, ఎవరు వదులుతున్నారు అని అడగడం మొదలుపెడుతుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర కూడా మంచి జవాబు లేదు.

పశ్చిమాన ఉండేవాళ్లకు మియాపూర్ దాటాక అమీన్‌పూర్ చెరువు ఉంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలంలో వలస పక్షులు వస్తాయి. బైనాక్యులర్స్ లేకపోయినా పరవాలేదు, నోరు మూసుకుని అరగంట కూర్చోగలిగితే చాలు. పెద్దవాళ్లకే అది కష్టం. రింగ్ రోడ్డు అవతలికి వెళ్తే గునుగు పువ్వు ఇంకా పూర్తిగా ఎండిపోలేదు. బతుకమ్మకు రంగు అద్దిన కట్టలు కొనుక్కునే పిల్లలకు, అది ఎవరూ నాటకుండానే చేల గట్ల మీద మొలుస్తుందని చెప్తే ఆశ్చర్యపోతారు. తోవలో సీతాఫలాలు అమ్మే అమ్మ దగ్గర ఆగి, పండు చూడటం ఎలాగో ఆమెనే అడగమనండి. బేరం మాత్రం ఆడకండి.

కార్తీకం కూడా వచ్చేసింది. మనకు వీకెండ్ ఔటింగ్ అనే మాట రాకముందే వనభోజనం ఉంది. ఉసిరిచెట్టు కింద చాప, పులిహోర, దద్దోజనం, పక్కింటివాళ్లు తెచ్చిన పచ్చడి. ఇప్పుడు నగరంలో వనభోజనాలు కులసంఘాల వారీగా జరుగుతున్నాయి. బ్యానర్లు, మైకులు, ఉపన్యాసాలు. చెట్టు కింద అందరూ కలిసి తినడానికి పెట్టుకున్న ఆచారాన్ని, ఎవరు ఎవరితో తినాలో చెప్పే సభగా మార్చుకున్నాం. పిల్లలకు అక్కడ ఏం అర్థమవుతుందో ఆలోచించండి. మీ అపార్ట్‌మెంట్‌లోని నాలుగు ఇళ్లవాళ్లు, వాచ్‌మన్ కుటుంబం, మీ అమ్మాయి స్నేహితురాలి కుటుంబం కలిసి వెళ్లండి. ఏదైనా పార్కు అయితే లోపలికి భోజనం తేనిస్తారో లేదో ముందే కనుక్కోండి. ఆదివారం కూడా డ్యూటీ ఉండే తల్లిదండ్రుల పిల్లల్ని మీతో పాటు తీసుకెళ్లండి. మన బడిలో అలాంటి పిల్లలు చాలామందే ఉన్నారు.

ఒక విన్నపం. తిరిగొచ్చాక ‘ఏం నేర్చుకున్నావో చెప్పు’ అని అడగకండి. పేజీన్నర వ్యాసం రాయించకండి. ఈ మాట మా టీచర్లకూ చెబుతున్నాను. పిల్లలు ఎక్కడికైనా వెళ్లారని తెలియగానే దాన్ని ప్రాజెక్టుగా మార్చి చార్టు అతికించమనే అలవాటు మనకుంది. అలా చేస్తే గండిపేట కూడా ఇంకో హోమ్‌వర్క్ అవుతుంది. చెప్పాలనుకున్నది వాళ్లే చెబుతారు, బహుశా బుధవారం రాత్రి, మీరు పోపు పెడుతున్నప్పుడు.

అసలు అడ్డంకి మాత్రం టైమ్‌టేబుల్. సోమవారం టెస్టు ఉంటే ఆదివారం ఏ తల్లీ పిల్లవాడిని బయటికి తీసుకెళ్లదు. వెళ్లినా ఆ పిల్లవాడి చేతిలో గైడు ఉంటుంది. కాబట్టి యాజమాన్యాన్ని ఇదే పత్రికలో అడుగుతున్నాను. కార్తీకంలో కనీసం రెండు ఆదివారాలు ఏ క్లాసూ పెట్టకండి, ఆ మర్నాడు ఏ టెస్టూ పెట్టకండి. ర్యాంకులు పోతాయని తల్లిదండ్రులు ఒప్పుకోరని మాకు ప్రతిసారీ చెబుతుంటారు. నిజంగా ఒప్పుకోరా? వచ్చే పేరెంట్ టీచర్ మీటింగులో మీరే ఈ మాట ఎత్తండి. టీచర్లం అడిగితే ‘చూద్దాం’ అంటారు. ఫీజు కట్టేవాళ్లు అడిగితే అక్కడికక్కడే డైరీ తీసి తేదీలు రాసుకుంటారు.