ఇంటికంటే ముందు వీధిని చూడాలి

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. అంతకు రెండేళ్ల ముందు, 2021 వేలంలో, కోకాపేటలో అత్యధిక ధర 60 కోట్ల 20 లక్షలు. ఈ రెండు అంకెలు హైదరాబాద్‌లో ఇల్లు కొనాలనుకునే ప్రతి మధ్యతరగతి ఇంట్లోనూ చర్చకొచ్చాయి. ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ అందదన్న భయం జనాన్ని నార్సింగి, తెల్లాపూర్, కొల్లూరు వైపు పరుగెత్తించింది. ఆ పరుగులో గజం ధర, ఔటర్ రింగ్ రోడ్డు ఎంత దూరం, ఐటీ ఆఫీసులు ఎంత దూరం అన్న లెక్కలే నడుస్తున్నాయి. గేటు దాటాక కాలినడకన ఏం దొరుకుతుందన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా వినపడదు.

ఇల్లు చూడటానికి వెళితే తూర్పు ముఖమా, ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఉందా అని జాగ్రత్తగా చూస్తాం. ఆ వీధిలో ఫుట్‌పాత్ ఉందా, అమ్మానాన్నలు మందుల షాపు దాకా భయం లేకుండా వెళ్లి రాగలరా, పదేళ్ల పిల్ల ట్యూషన్‌కి ఒక్కతే నడిచి వెళ్లగలదా అన్నది చూడం. ఇరవై ఏళ్ల పాటు వాయిదాలు కట్టే ఇంట్లో రోజూ అనుభవానికొచ్చేవి ఈ రెండో రకం సంగతులే. క్లబ్‌హౌస్‌లో ఈతకొలను వారానికోసారి అక్కరకొస్తే గొప్ప. పాల ప్యాకెట్ రోజూ కావాలి.

నడవగలిగే పేట ఎలా ఉంటుందో తెలియాలంటే చిక్కడపల్లి వెళ్లి చూడాలి. నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ, వేంకటేశ్వరస్వామి గుడి, కూరగాయల మార్కెట్, టిఫిన్ సెంటర్లు, పుస్తకాల షాపులు అన్నీ ఒకదానికొకటి నాలుగడుగుల్లో ఉంటాయి. పక్కనే అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే వేలమంది పిల్లలు, అవతల ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా హాళ్లు. తెల్లవారుజామున గుడికి వెళ్లేవాళ్లు, మధ్యాహ్నం లైబ్రరీకి వచ్చేవాళ్లు, రాత్రి సెకండ్ షో వదిలాక ఇళ్లకు మళ్లేవాళ్లు. ఏ వేళకు చూసినా వీధిలో మనుషులుంటారు. 1961లో అమెరికా నగరాల గురించి పుస్తకం రాసిన జేన్ జేకబ్స్ జీవం ఉన్న పేటకు నాలుగు షరతులు చెప్పింది: ఒకేచోట రకరకాల పనులు జరగాలి, వీధులు పొట్టిగా ఉండి తరచూ మలుపులు దొరకాలి, పాత భవనాలూ కొత్తవీ కలిసి ఉండాలి, తగినంత మంది జనం ఉండాలి. ఈ నాలుగూ చిక్కడపల్లికి ఎవరూ ప్లాన్ గీయకుండానే అబ్బాయి. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో మొదలయ్యాక ఆ పేట నడిబొడ్డులోకే స్టేషన్ వచ్చింది.

శివార్లలో జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. పొలాలు ప్లాట్లయ్యే పద్ధతిలోనే లోపం ఉంది. ఎవరి వెంచర్ వారిది. ఒకరి వెంచర్‌లో ముప్ఫై అడుగుల రోడ్డు పక్క వెంచర్ ప్రహరీ దగ్గర ఆగిపోతుంది. గోడ అవతల రెండు వందల అడుగుల దూరంలో కిరాణా కొట్టు కనిపిస్తున్నా, మెయిన్ రోడ్డుకు వెళ్లి చుట్టూ తిరిగి రావాలి. అంత దూరం ఎవరు నడుస్తారు? బండి తీస్తారు. గేటెడ్ కమ్యూనిటీలు ఇదే పనిని ఇంకా పెద్ద ఎత్తున చేస్తాయి. పది, ఇరవై ఎకరాల చుట్టూ గోడ కడితే ఆ గోడ వెంట నడిచే మనిషికి అంగడి ఉండదు, అరుగు ఉండదు, వెలుతురు సరిగ్గా ఉండదు. లోపలివారికి భద్రత ఇచ్చే గోడే బయట నడిచే పనిమనిషికి, డెలివరీ కుర్రాడికి, బస్సు దిగి వచ్చే నర్సుకు అభద్రత అవుతుంది. బ్రోచర్లలో రాసే ‘పది నిమిషాల దూరం’ కారు దూరం. అదీ ఆదివారం పొద్దున్న కొలిచిన దూరం.

డబ్బు లెక్కలోనూ ఈ గేటెడ్ కమ్యూనిటీల్లో కొనేవాడికి ఒరిగేది అనుకున్నంత ఉండదు. హైదరాబాద్‌లో 2006లో వచ్చిన జీవో 86 తర్వాత, స్థలంలో ఎన్ని చదరపు అడుగులు కట్టొచ్చన్న పరిమితి పోయింది. సెట్‌బ్యాక్, రోడ్డు వెడల్పు, ఎత్తు నిబంధనలకు లోబడి ఎంతైనా కట్టొచ్చు. నలభై, యాభై అంతస్తుల టవర్లు లేచింది అందుకే. ఫలితంగా ఒక్కో ఫ్లాటుకు వచ్చే విభజించని స్థలం వాటా, మనవాళ్లు యూడీఎస్ అనేది, కుదించుకుపోయింది. ఊరికే లెక్క కోసం అనుకుందాం: పదెకరాలంటే 48,400 గజాలు. అందులో రెండు వేల ఫ్లాట్లు కడితే ఒక్కోదానికి 24 గజాల చిల్లర. పాత పేటలో 500 గజాల్లో పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఒక్కోదానికి 50 గజాలు. కట్టడం ఏటా పాతబడుతుంది, విలువ పెరిగేది దాని కింద ఉన్న నేలకు. చదరపు అడుగు ధర అడిగినంత శ్రద్ధగా యూడీఎస్ ఎంతని అడిగేవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు.

మరి రేపు ఎదిగే పేటను ఎలా గుర్తుపట్టాలి? కాగితం మీది గీతను నమ్మి మాత్రం కాదు. మెట్రో మొదటి దశలో జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన లైన్ ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. 2010లో ఒప్పందం కుదిరిన ప్రాజెక్టులో పాతబస్తీకి దక్కాల్సిన ఆ అయిదున్నర కిలోమీటర్లలో రైలు ఈనాటికీ తిరగడం లేదు. రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు 2022 డిసెంబర్ 9న శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరగ్గానే ప్రభుత్వం మారింది, ఆ లైన్ రద్దయింది. ఆ దారిలో స్టేషన్ వస్తుందని చెప్పి అమ్మిన ప్లాట్లకు స్టేషన్ రాలేదు, కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. రెండో దశ ప్రతిపాదనల మ్యాపులు ఇప్పుడు మార్కెటింగ్ కుర్రాళ్ల ఫోన్లలో తిరుగుతున్నాయి. రైలు తిరుగుతున్న లైనుకే విలువ కట్టండి. రాబోయే లైనుకు పైసా ఎక్కువ ఇవ్వొద్దు.

ఈ కొలతతో చూస్తే నా ఓటు నగరం తూర్పు వైపుకు. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే లైన్ మీద ఉప్పల్, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక స్టేషన్లు ఉన్నాయి. ఈ నాలుగింటిలో ఎక్కడ ఎక్కినా రైలు మారకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు. పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థలున్నాయి. దశాబ్దాలుగా స్థిరపడిన ఉద్యోగుల కాలనీలు, బడులు, ఆస్పత్రులు ఉన్నాయి. కొత్తగా మొలిపించాల్సినవి కావవి. బస్సుల సంగతీ ఇక్కడ చెప్పాలి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అంటే బస్టాపుకు నడిచి వెళ్లగలిగే ఇంట్లో ఉన్న ఉద్యోగినికి, కాలేజీ అమ్మాయికి నెలనెలా డబ్బు మిగులుతుంది. బస్సు చేరని టవర్‌లో అదే కుటుంబం రెండో కారు వాయిదా కట్టుకుంటుంది. ఇంటి బడ్జెట్ వేసేటప్పుడు ఈ తేడాను ఎవరూ ఇంటి ధరలో కలిపి చూడరు, కలపాలి.

తూర్పున అన్నీ బాగున్నాయని చెప్పడం లేదు. 2020 అక్టోబర్ వానలకు హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8, రామంతాపూర్, నాగోల్ అయ్యప్ప కాలనీ నీట మునిగాయి. చెరువుల మధ్య కాలువలు మూసుకుపోయిన చోట ఇల్లు ఎంత చవగ్గా వచ్చినా ఖరీదే. చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్ వివరాలు చూడకుండా ఎక్కడా అడ్వాన్స్ ఇవ్వకూడదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 2018లో మొదలుపెట్టిన ఎలివేటెడ్ కారిడార్ ఏళ్ల తరబడి సాగి వరంగల్ రోడ్డు మీద దుకాణాలను, నడిచేవాళ్లను దుమ్ములో ముంచింది. పాత అపార్ట్‌మెంట్లకు వాటి చిక్కులు వాటికున్నాయి. మంజూరైన ప్లాన్‌కు మించి కట్టిన పై అంతస్తు, లేని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, బ్యాంకు రుణానికి అడ్డొచ్చే కట్టడం వయసు, బలహీనపడిన స్లాబు. వీటిని లాయరుకు, ఇంజనీరుకు చూపించి తేల్చుకోవాలి. అయితే ఇవన్నీ కాగితాల్లోనో కట్టడంలోనో కళ్లతో చూసి పట్టుకోగల లోపాలు. పేటే లేని చోట పేట వస్తుందని ఎదురుచూడటానికి లాయరూ ఇంజనీరూ ఏం చేయలేరు.

నాకు నిజంగా బాధ కలిగించే సంగతి వేరే ఉంది. ఇలా నడవగలిగే పేట బాగుందని తెలిసి డబ్బు వచ్చి పడగానే, అది బాగుండటానికి కారణమైనవే మొదట పోతున్నాయి. పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కడతారు. కింద అంతస్తు మొత్తం స్టిల్ట్ పార్కింగ్. అరుగు మీద కూర్చునే ముసలాయన, కిటికీలోంచి వీధి చూసే ఇల్లాలు, వీధి గదిలో కుట్టుమిషన్ పెట్టుకున్న టైలరు ఉన్న చోట చీకటి పిల్లర్లు, కార్ల బంపర్లు మిగులుతాయి. ఆ కార్లు ఎక్కడానికి వేసిన ర్యాంపు రోడ్డు మీదికి మూడడుగులు వస్తుంది. ఇంటింటికీ ర్యాంపే కాబట్టి వీధి అంచున నడిచే చోటే ఉండదు. మనిషి నడిరోడ్డు మీదికి దిగుతాడు. పార్కింగ్ వద్దని ఎవరూ అనరు, నిబంధన ఉంది. ర్యాంపు తన స్థలంలోనే ముగియాలి, కింద కనీసం ఒక గదో దుకాణమో వీధి వైపు తెరుచుకోవాలి అన్న షరతును అనుమతి ఇచ్చేటప్పుడే పెట్టి అమలు చేస్తే వీధి బతుకుతుంది. ఇస్త్రీ బండి, ఇడ్లీ బండి సంగతీ ఇంతే. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు చోటు చూపించమంటుంది. చోటు చూపించకుండా తరిమేస్తే, ఏ సౌకర్యాలు చూసి కొన్నామో అవే ఆ వీధిలో లేకుండా పోతాయి. అద్దెలు పెరిగి పక్కకు జరిగిపోయిన కుటుంబాలు ఆ పేటలో పనిచేయడానికి మళ్లీ రెండు బస్సులెక్కి రావాలి.

నడక అంటే పొద్దున్నే బూట్లు వేసుకుని పార్కులో చేసే వ్యాయామం అన్న భావన మన అధికారుల్లో బలంగా ఉంది. కానీ నడక ప్రాణాల మీదికొచ్చే రోజువారీ ప్రయాణం: దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడుస్తూ వెళ్తున్నవాళ్లు. అయిదుగురిలో ఒకరన్నమాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఫుట్‌పాత్‌పై నడిచే చోటు కనీసం 1.8 మీటర్లు ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని చెబుతున్నాయి. మన మెయిన్ రోడ్ల మీద ట్రాన్స్‌ఫార్మర్, మెట్రో మెట్లు, పార్క్ చేసిన బైకులు పోగా మిగిలిన చోట ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ఆటంకాలు లేని, దివ్యాంగులకు అనువైన ఫుట్‌పాత్ 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. ఉప్పల్ కూడలిలో 2023లో తెరిచిన స్కైవాక్ మంచి పనే. కానీ కూడలి దాటించి వదిలేస్తే సరిపోదు, స్టేషన్ మెట్లు దిగిన దగ్గర్నుంచి ఇంటి గడప దాకా ఉన్న దారి బాగుపడాలి.

అందుకు డబ్బు లేదనడం కుదరదు. తెలంగాణలో ఆస్తి రిజిస్టర్ చేయించుకునే ప్రతివాడూ స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుముల కింద విలువలో 7.5 శాతం కడుతున్నాడు. యాభై లక్షల ఫ్లాటుకు మూడు లక్షల 75 వేలు. మెట్రో పక్కన ధరలు పెరిగినప్పుడు ప్రభుత్వ రాబడీ దానితోపాటే పెరుగుతోంది. ఆ రాబడిలో ఒక వాటాను ప్రతి స్టేషన్ చుట్టూ అర కిలోమీటరు మేర ఫుట్‌పాత్‌లకు, వీధి దీపాలకు, రోడ్డు దాటే చోట్లకు కేటాయించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. కొనేవారిని కోరేది ఇంకొకటి. టోకెన్ డబ్బు ఇచ్చే ముందు ఒక వాన రోజున, ఒక రాత్రి ఎనిమిదింటికి, ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఆ ఇంటి నుంచి బస్టాపు దాకా నడవండి. వాళ్లు నడవలేకపోతే ఆ ఇల్లు కొనకండి.