ఒకే ట్యూనర్‌ను రెండు కార్లకు వాడొచ్చా?
ఇంజిన్ పవర్ పెంచే ట్యూనర్ ఒక్కటి కొంటే ఇంట్లో ఉన్న రెండు కార్లకూ వాడేసుకోవచ్చు అనుకుంటున్నారా? అంత ఈజీ కాదు. కాబ్ యాక్సెస్‌పోర్ట్‌నే తీసుకోండి. ఓబీడీ పోర్ట్‌కు కనెక్ట్ చేసి ఇన్‌స్టాల్ చేయగానే అది ఆ కారుకే లాక్ అయిపోతుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఈసీయూను మళ్లీ స్టాక్‌కు తెస్తేనే ఇంకో కారుకు, అదీ సపోర్ట్ ఉన్న మోడల్‌కే, పనికొస్తుంది. హెచ్‌పీ ట్యూనర్స్‌లో అయితే పరికరం ఒక్కటే చాలు, కానీ ట్యూన్ చేసే ప్రతి కారుకూ క్రెడిట్లు కొనాలి.

నా ఓటు మాత్రం లాక్ పద్ధతికే. ఒక్కసారి డబ్బు కడితే చాలు, పైగా కారు అమ్మే ముందు స్టాక్‌కు తేవడం తప్పనిసరి అవుతుంది. చిక్కంతా సెకండ్ హ్యాండ్‌లోనే. పాత ఓనర్ లాక్ తీయకుండా అమ్మేస్తే మీ చేతికొచ్చేది పనికిరాని డబ్బా! అందుకే స్క్రీన్ ఆన్ చేయించి స్టేటస్ చూశాకే డబ్బులివ్వండి.