వెబ్‌సైట్ చేయించే ముందు...

పచ్చళ్ళు, పొడులు ఇంట్లో చేసి అమ్మే పనిని ఇప్పటి అమ్మాయిలు 'స్టార్టప్' అంటున్నారు. పేరు ఏదైతేనేం, కష్టం అదే కదండీ! వాట్సాప్‌లో నలుగురికి అమ్మినంత కాలం ఇబ్బంది లేదు. ఆర్డర్లు పెరిగేసరికి వెబ్‌సైట్ కావాలనిపిస్తుంది. మరి దాన్ని తయారుచేసే డిజైనర్‌ని ఎలా ఎంచుకోవాలి? చీర నాణ్యత చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది కానీ ఈ పని మంచిచెడ్డలు మనకంత సులువుగా తెలియవు. అందుకే ఈ వారం దాని గురించి నాలుగు మాటలు.

ముందు మీకేం కావాలో కాగితం మీద రాసుకోండి. ఎన్ని రకాలు అమ్ముతారు, ఎన్ని గ్రాముల ప్యాకెట్లు, ఏ ఊళ్ళకు పంపుతారు, డబ్బు ఎలా తీసుకుంటారు? ఇవి తేల్చుకోకుండా వెళితే వాళ్ళకు తోచింది చేస్తారు, బిల్లు మాత్రం మనం కట్టాలి. పది పన్నెండు రకాలే ఉంటే షాపిఫై, వూకామర్స్ లాంటి తయారు దుకాణాలు సరిపోతాయి. వాటిని మీకు తగినట్టు అమర్చిపెట్టే మనిషి చాలు. లోగో, రంగులు చూసే డిజైనర్ వేరు, ఆర్డర్లు, చెల్లింపులు పనిచేసేలా చేసే డెవలపర్ వేరు. రెండూ ఒక్కరే చేయగలరా అని ముందే అడగండి.

కొత్త టైలర్‌కి మొదటే పట్టు జాకెట్టు ఇవ్వం కదా! ఇక్కడా అంతే. ముందు ఒక్క పేజీ చేయించి పనితనం చూడండి. దానికి డబ్బివ్వండి, ఊరికే చేయించుకోవద్దు. వాళ్ళ శ్రమకీ విలువ ఉంది.

వాళ్ళు ఇదివరకు చేసిన సైట్లను మీ ఫోన్‌లోనే తెరిచి చూడండి. త్వరగా తెరుచుకుంటున్నాయా? కొనే బటన్ వెతుక్కోకుండా కనిపిస్తోందా? ఆ సైట్ల యజమానులతో కూడా మాట్లాడండి. "గడువుకి ఇచ్చారా? డబ్బు తీసుకున్నాక ఫోన్ ఎత్తుతున్నారా?" అని మొహమాటం లేకుండా అడగండి.

సైట్‌లో తెలుగు ఉండాలంటే అది యూనికోడ్‌లో ఉండాలి. శుభలేఖలకు వాడే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేస్తే వేరే ఫోన్లలో పిచ్చి గీతలు కనిపిస్తాయి, వెతికినా దొరకదు. మండలి, రామభద్ర, గిడుగు వంటి చక్కని ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, డొమైన్ అంటే సైట్ పేరు, మీ పేరున, మీ ఈమెయిల్‌తోనే కొనాలి. మా బంధువులావిడ సైట్ పేరుని డిజైనర్ తన పేరునే కొన్నాడు. డబ్బు దగ్గర మాటా మాటా వచ్చింది. సరిగ్గా సంక్రాంతి ఆర్డర్ల వేళకి సైట్ ఆగిపోయింది. సీసాల మీద అచ్చువేయించిన లేబుళ్ళన్నీ దండగయ్యాయి. మూడేళ్ళు పొయ్యి ముందు నిలబడి సంపాదించుకున్న పేరు! చేతి రుచి ఆవిడదే కానీ దుకాణం తాళం ఇంకొకరి దగ్గర ఉండిపోయింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన దగ్గర జీతానికి లేని బయటి డిజైనర్ చేసిన లోగో మీద, రాసిన కోడ్ మీద హక్కు డబ్బిచ్చినంత మాత్రాన మనది అయిపోదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సంతకంతో రాసి ఇవ్వాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్ళకే అని లెక్క. కాబట్టి "పూర్తికాలానికి, అన్ని దేశాలకూ" అని రాయించుకోండి. డబ్బు మూడు భాగాలుగా ఇవ్వండి: మొదలుపెట్టేటప్పుడు కొంత, నమూనా నచ్చాక కొంత, తాళాలన్నీ చేతికొచ్చాక మిగతాది.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం సైట్‌లో మీ పూర్తి పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసేవారి వివరాలు, వాపసు పద్ధతి ఉండాలి. తినే వస్తువులకు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కూడా పెట్టించండి.

చివరిగా, "తక్కువకి చేసేస్తానండీ" అనేవారి కన్నా "మీ దగ్గర కొనేదెవరండీ? మళ్ళీ మళ్ళీ అడిగేది ఏ పచ్చడి?" అని అడిగేవారు మేలు. పని పూర్తయ్యాక పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, డైరీలో రాసి బీరువాలో పెట్టుకోండి.